కులం పేరుతో అవమానం జరిగితే చట్టం ఏం చేస్తది: ఒంగోలు, నెల్లూరు వైపు జనం మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

నేను లాయర్ని కాదు. కందుకూరు, కావలి, సింగరాయకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికన్నా కులం దగ్గర అవమానం జరిగితే అర్జీ రాసిపెట్టడం, స్టేషన్‌కి తోడు పోవడం, వాయిదా రోజు కోర్టు వరండాలో వాళ్ళతో కూర్చోవడం, పదకొండేళ్ళ నుంచి చేస్తన్న పని ఇదే. ఫోన్ చేసేవాళ్ళు మారతన్నారు గానీ అడిగే సందేహాలు మాత్రం అవే వస్తన్నాయి, అందుకని ఒక్కచోట రాసి పెడతన్నా. అడిగినోళ్ళ మాటల్లోనే ప్రశ్నలు ఉంచా. మీకు కావాల్సిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోద్ది. ఇన్నేళ్ళలో నాకు బాగా అర్థమైంది ఏందంటే, గొడవ జరిగిన రాత్రి మనం రాసిచ్చిన మొదటి కాగితమే ఏళ్ళ తర్వాత కోర్టులో మన తరఫున మాట్లాడద్ది. అందుకే ఆ కాగితం గురించి కాస్త ఎక్కువ రాశా.

## కేసు దాకా పోకముందు

టీ కొట్లో మా పల్లెవాళ్ళకి (అంటే ఎస్సీ వాడవాళ్ళకి) పేపర్ గ్లాసు, మిగతావాళ్ళకి గాజు గ్లాసు ఇస్తన్నాడు. అడిగితే శుభ్రం కోసం అంటాడు. ఇది నేరమేనా?

నేరమే. మా నాన్న చిన్నప్పుడు చూరులో దోపిన సత్తుగ్లాసు తీసుకుని, తాగి, కడిగి మళ్ళీ అక్కడే దోపాల్సి వచ్చేది, దాన్నే రెండు గ్లాసుల పద్ధతి అనేవాళ్ళు. ఇప్పుడు గ్లాసు మారింది గానీ పద్ధతి అదే. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 15వ అధికరణం కొట్టు, హోటల్, బావి, చెరువు, రోడ్డు దగ్గర కులం చూసి ఆపకూడదని చెప్పింది. దాన్ని అమలు చెయ్యడానికి 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది, 1976లో దాన్ని గట్టిపరిచి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. హోటల్లో గ్లాసులు, పళ్ళాలు వాడనివ్వకపోవడం కూడా అందులో రాసుంది, నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, జరిమానా. ఇంకో మంచి సంగతి, బాధితుడు ఎస్సీ అయితే అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందే అనుకుంటది, కాదని నిరూపించుకోవాల్సింది అవతలివాడే. అందరికీ పేపర్ గ్లాసే ఇస్తే మాత్రం వివక్ష అవదు. అందుకని ఒకే పూట ఇద్దరు పోయి, ఎవరికి ఏ గ్లాసు వచ్చిందో ఫొటో తీసుకోండి, రెండు మూడు రోజులు తీస్తే ఇంకా గట్టిగా ఉంటది.

కులం పేరు పెట్టి తిట్టినాడు. కానీ వాళ్ళింట్లో, ఎవరూ లేనప్పుడు. అట్రాసిటీ అవుద్దా?

కష్టం. జనం అట్రాసిటీ చట్టం అనే 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో తిట్టడం, అవమానించడం గురించి ఉన్న సెక్షన్లు 3(1)(ఆర్), 3(1)(ఎస్). రెండిట్లోనూ నలుగురికీ కనపడే చోట జరగాలని ఉంది. నాలుగ్గోడల మధ్య బయటివాళ్ళు ఎవరూ లేకుండా జరిగితే ఈ సెక్షన్లు పనిచెయ్యవని సుప్రీంకోర్టు 2020లో హితేష్ వర్మ కేసులో చెప్పింది. అయితే "నలుగురికీ కనపడే చోటు" అంటే బజారే కానక్కర్లా. సొంత ఇంటి గేటు ముందైనా, దారినపోయేవాళ్ళకి కనపడి వినపడితే లెక్కకి వస్తదని 2008లోనే స్వరణ్ సింగ్ కేసులో చెప్పారు. కాబట్టి ఎక్కడ నిలబడి తిట్టాడు, వాకిట్లోనా వరండాలోనా, గోడ అవతల ఎవరున్నారు, ఇవన్నీ గుర్తు తెచ్చుకోండి. ఎవరూ వినకపోయినా కొట్టినా, చంపుతా అని బెదిరించినా మామూలు శిక్షాస్మృతి కింద కేసు ఎట్టాగూ ఉంటది.

ఊరి వాట్సాప్ గ్రూపులో మా కులం మీద బూతులు పెట్టాడు. స్క్రీన్‌షాట్ సాక్ష్యం అవుద్దా?

అవుద్ది. గ్రూపులో పెట్టింది పదిమంది చూసేదే. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, మెసేజ్ వచ్చిన ఫోన్ అట్టానే ఉంచండి, గ్రూపులో నుంచి బయటికి రావద్దు, చాట్ డిలీట్ చెయ్యొద్దు. కోపంలో మీరూ బూతులు పెట్టొద్దు, ఆ స్క్రీన్‌షాట్ వాళ్ళ దగ్గర ఉంటది. ఇంకో సంగతి, ఎస్సీ మనిషిని తిట్టిన ప్రతి తిట్టూ ఈ చట్టం కిందకి రాదు, అవమానం కులంతో ముడిపడి ఉండాలని సుప్రీంకోర్టు 2024లో మళ్ళీ చెప్పింది.

మేం చర్చికి పోతాం. మాకు అట్రాసిటీ చట్టం వర్తించదంటన్నారు, నిజమేనా?

మన జిల్లాల్లో నన్ను ఎక్కువ మంది అడిగేది ఇదే, అడిగేటప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ధాత కరువు అనే పెద్ద కరువు అప్పుడే దాటింది, తీసుకున్నవాళ్ళలో ఎక్కువమంది మాదిగలే. అంటే మన వైపు పల్లెల్లో క్రైస్తవం నాలుగైదు తరాల నాటిది. చట్టం మాత్రం 1950 నాటి ఎస్సీ ఉత్తర్వుని పట్టుకుని నడుస్తది. మొదట హిందువులకే, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఎస్సీ హోదా ఇచ్చారు, క్రైస్తవులకి ఇవ్వలా. 2025లో మన హైకోర్టు కూడా ఒక పాస్టర్ పెట్టిన కేసులో, మతం మారినోళ్ళకి ఈ చట్టం వర్తించదని, సర్టిఫికెట్ రద్దు కాకుండా ఉన్నంత మాత్రాన సరిపోదని చెప్పింది. దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని మన అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసి కేంద్రానికి పంపింది.

ఇది అన్యాయమని నేను మనసారా నమ్ముతా. తిట్టేవాడు నువ్వు ఏ దేవుణ్ణి మొక్కుతన్నావో అడిగి తిట్టడు గదా. కానీ మీరు నష్టపోకూడదు కాబట్టి చెప్తన్నా, ఫిర్యాదులో అబద్ధం రాయొద్దు, మీ సర్టిఫికెట్‌లో ఏముందో చూసుకుని లాయర్‌ని కలిశాకే సెక్షన్ల సంగతి తేల్చుకోండి. కొట్టినా, బెదిరించినా, ఇల్లు పగలగొట్టినా మామూలు చట్టం కింద కేసు పెట్టే హక్కు ఏ మతంవాళ్ళకైనా ఉంది. ఎస్టీలకి ఈ మతం అడ్డు లేదు, యానాదులు, ఎరుకల వాళ్ళు చర్చికి పోయినా ఎస్టీలే.

మేం బీసీలం. మా తీరం ఊళ్ళో కాపులు (మా కుల పెద్దల్ని అట్టా అంటాం) దురాయి, అంటే కట్టుబాటు వేసి మమ్మల్ని వెలేశారు. మాకు ఏ చట్టం ఉంది?

అట్రాసిటీ చట్టం ఎస్సీ ఎస్టీ కాని వ్యక్తి ఎస్సీ ఎస్టీ మీద చేసిన నేరానికే. అందుకే మాల మాదిగల మధ్య గొడవకీ, పట్టపు (చేపలు పట్టేవాళ్ళ) ఊళ్ళలో సొంత కులం పెద్దలు వేసే దురాయికీ అది పనికిరాదు. మహారాష్ట్రలో సాంఘిక బహిష్కరణ మీద 2016లో ప్రత్యేకంగా చట్టం చేశారు, సొంత కులంవాళ్ళే వెలేసినా నేరమే. మనకీ అట్టాంటిది కావాలి. అప్పటిదాకా బెదిరింపు, దారి అడ్డగించడం, తప్పు డబ్బు పేరుతో బలవంతపు వసూలు, ఈ సెక్షన్ల కిందే ఫిర్యాదు ఇవ్వాలి. దురాయి నోటితో చాటించి ఉంటే ఎవరు చాటారో, ఏ రోజో, ఏ మాటలో రాసి పెట్టుకోండి.

పండగ గొడవ తర్వాత ఊళ్ళో మా పల్లెవాళ్ళని పనికి పిలవడం మానేశారు, కిరాణా కొట్లో సరుకు ఇవ్వడం లేదు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు గదా, కేసు అవుద్దా?

కొట్టకపోయినా నేరమే. అట్రాసిటీ చట్టానికి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ చెయ్యడమే కాదు, చేస్తామని బెదిరించడం కూడా నేరం అయింది. అదే సవరణలో కొత్తబట్టలు కట్టుకుని, చెప్పులేసుకుని, బండెక్కి బజార్లో పోనివ్వకపోవడం, పెళ్ళి ఊరేగింపు ఆపడం, శ్మశానానికి దారి ఇవ్వకపోవడం, గుళ్ళోకి రానివ్వకపోవడం, ఇవన్నీ పేరుపేరునా రాశారు. శిక్ష ఆరు నెలలకి తగ్గకుండా ఐదేళ్ళ దాకా. రుజువు ఎట్టా అంటే, ఎవరెవర్ని ఏ రోజు పనికి రావద్దన్నారు, కొట్టువాడు ఏమన్నాడు, పాలకేంద్రంలో ఏ తేదీ నుంచి మీ పాలు పోయించుకోవడం లేదు, ఒక నోటుబుక్కులో రోజువారీగా రాయండి. బహిష్కరణ ఒక్కరోజు సంఘటన కాదు, అందుకే ఆ నోటుబుక్కే మీ సాక్ష్యం. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి పోయి అర్జీ కూడా ఇవ్వండి, ఆగిపోయిన సరుకులు, పనులు మళ్ళీ అందేలా చెయ్యాల్సిన బాధ్యత యంత్రాంగానిదే.

టౌన్‌లో ఇల్లు చూసి అడ్వాన్స్ కూడా మాట్లాడుకున్నాక "మీరేమిట్లు?" అని అడిగి ఇవ్వనన్నారు. ఏమన్నా చెయ్యొచ్చా?

పౌరహక్కుల చట్టంలో ఏ ప్రాంతంలోనైనా ఇంట్లో కాపురం ఉండకుండా అంటరానితనం కారణంగా అడ్డుకోవడం నేరమని ఉంది. కానీ ఓనర్ "మా చుట్టాలు వస్తన్నారు" అని తప్పుకుంటే రుజువు చెయ్యడం చానా కష్టం. కులం అడిగిన మెసేజ్, ఆడియో ఉంటే ముందుకు పోవచ్చు. చదువుకుని ఉద్యోగం వచ్చిన పిల్లలకి ఒంగోలులో, నెల్లూరులో ఎదురయ్యే మొదటి దెబ్బ ఇదే, చట్టం ఇంకా సరిగ్గా చేరని చోటు కూడా ఇదే.

మేం యానాదులం. రొయ్యల చెరువు కాపలాకి అడ్వాన్స్ తీసుకున్నాం, పోతామంటే బాకీ తీర్చి పొమ్మంటన్నాడు, ఆధార్ కార్డులు కూడా వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

అది వెట్టిచాకిరీ. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం ఆ బాకీ రద్దు అయిపోయినట్టే లెక్క, మీరు రూపాయి కట్టక్కర్లా. అది వెట్టి బాకీ కాదని నిరూపించుకోవాల్సింది కూడా యజమానే. అడ్వాన్స్ ఇచ్చి కదలనివ్వకపోయినా, కనీసవేతనం కంటే తక్కువ ఇచ్చి ఆపినా బలవంతపు పనేనని సుప్రీంకోర్టు 1982 నుంచి చెప్తానే ఉంది. కలెక్టర్‌కో, సబ్ కలెక్టర్ లేదా ఆర్డీవోకో అర్జీ పెట్టండి. వాళ్ళు విచారించి విడుదల పత్రం ఇస్తారు, ఆ పత్రం చేతికొచ్చిందాకా వదలొద్దు, పునరావాసం డబ్బు, ఇల్లు, అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. వెట్టి చేయించుకోవడం అట్రాసిటీ చట్టం కింద కూడా నేరం, రెండూ రాయమనండి.

బడిలో మా పిల్లోడిని భోజనం దగ్గర వేరే వరసలో కూర్చోబెట్టారంట.

ముందు పిల్లోడు చెప్పింది చెప్పినట్టు తేదీ వేసి రాసుకోండి, వాడిని పదిమంది ముందు నిలబెట్టి పదేపదే చెప్పించొద్దు. హెడ్మాస్టర్‌కి, ఎంఈవోకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. వేరే పంక్తి అంటరానితనమే, దానికి పౌరహక్కుల చట్టం ఉంది. పిల్లల్ని మానసికంగా వేధించకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెప్తది.

## స్టేషన్‌కి పోయే రోజు

ఫిర్యాదులో ఏం రాయాలి? రాసేవాడు రెండు లైన్లలో ముగించేశాడు.

ఇక్కడే సగం కేసులు పాడైపోతన్నాయి. "నన్ను కులం పేరుతో దూషించి అవమానపరిచినారు" అని రాస్తే చాలనుకుంటారు, చాలదు. ఏ మాట అన్నాడో ఆ మాటే, ఎంత నీచంగా ఉన్నా, అక్షరం మార్చకుండా రాయాలి. ఒకసారి ఒక పెద్దమ్మ నా ఎదురుగా కూర్చుని ఆ మాట చెప్పలేకపోయింది, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "నువ్వే ఏదో ఒకటి రాయి నాయనా" అంది. నేనూ సిగ్గుపడి మర్యాదగా ఉండే మాట రాశా. కోర్టులో ఆమె అసలు మాట చెప్పినప్పుడు, మరి ఫిర్యాదులో ఇది లేదే అని అవతలి లాయరు అడిగాడు, ఆమె నా వైపు చూసింది. ఆ తప్పు నాది. అప్పటి నుంచి ఆడవాళ్ళయితే ఇంకో ఆడమనిషిని పక్కన కూర్చోబెట్టి, ఎంతసేపైనా ఆగి, అసలు మాటే రాయిస్తన్నా.

తర్వాత, తేదీ, టైము, చోటు. చోటు అంటే ఊరి పేరొక్కటే కాదు, రామాలయం పక్కన బోరింగ్ దగ్గరా, రేషన్ షాపు అరుగు మీదా, చుట్టూ ఎవరున్నారు, ఎంత దూరంలో. మీ కులం ఏంది, వాళ్ళ కులం ఏంది, రెండూ రాయండి, ఇది మర్చిపోయి కేసులు పోయినవి ఉన్నాయి. మీ కులం వాళ్ళకి ముందే తెలుసని ఎట్టా చెప్తారో రాయండి, పదేళ్ళుగా వాళ్ళ పొలంలో కూలికి పోతన్నాం, మా నాన్న వాళ్ళింట్లో జీతం ఉన్నాడు, అట్టా. మిమ్మల్నో మీ కుటుంబాన్నో ముందే ఎరిగినవాడైతే కులం తెలిసే చేశాడని కోర్టు అనుకోవాలని అట్రాసిటీ చట్టం 8వ సెక్షన్ చెప్తది. పాత గొడవలుంటే దాచొద్దు, పొలం గట్టు తగాదా ఉందని మీరు చెప్పకపోతే వాళ్ళు చెప్తారు, అప్పుడు మీరు దాచినట్టు అవుద్ది. ఆలస్యంగా పోతన్నారా, ఎందుకు ఆలస్యమైందో రాయండి, ఆస్పత్రిలో ఉన్నామనో, పెద్దమనుషులు మాట్లాడతామని ఆపారనో. జరగనిది ఒక్క ముక్క కూడా కలపొద్దు. ఇంట్లో లేని తమ్ముడి పేరు, కోపంతో చేర్చిన బావమరిది పేరు, ఇవి ఉంటే ఆ ఒక్క అబద్ధం పట్టుకుని మొత్తం కొట్టిస్తారు.

నాకు సంతకం తప్ప చదువు రాదు. నేనెట్టా ఇచ్చేది?

నోటితో చెప్పండి. స్టేషన్‌లో రాసుకుని, మీకు చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి, ఇది పోలీసుల విధి అని అట్రాసిటీ చట్టం 4వ సెక్షన్‌లోనే ఉంది. చదవకుండా వేలిముద్ర అడిగితే "చదవండి సార్, విని వేస్తా" అనండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి.

ఎస్సై గారు ముందు ఎంక్వయిరీ చేసి తర్వాత కేసు కడతామన్నారు. పది రోజులైంది.

అట్రాసిటీ చట్టం కింద ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లా. దీని వెనక చానా కథ ఉంది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు, ముందు విచారణ చెయ్యాలి, అరెస్టుకి అనుమతి కావాలి అని తీర్పిచ్చింది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది, పార్లమెంటు అదే ఏడాది 18ఏ సెక్షన్ పెట్టి ఆ రెండు షరతులూ తీసేసింది, 2019లో కోర్టు తన ఆదేశాలని తనే వెనక్కి తీసుకుంది, 2020లో ఆ సవరణ చెల్లుతదని కూడా చెప్పింది. కాబట్టి ఎస్సై గారికి మర్యాదగానే ఆ సెక్షన్ పేరు చెప్పండి.

అయినా తీసుకోకపోతే, అదే ఫిర్యాదుని ఎస్పీ గారికి రిజిస్టర్ పోస్టులో పంపి, రసీదు, అకనాలెడ్జ్‌మెంట్ కార్డు దాచిపెట్టుకోండి. అక్కడా కదలకపోతే లాయరు ద్వారా ప్రత్యేక కోర్టుకే పోవచ్చు. విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసిన ఎస్సీ ఎస్టీ కాని ఉద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉంది. ఎస్సీ ఎస్టీల మీద అత్యాచారాల ఫిర్యాదుల కోసం పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్ 14566, అక్కడ కూడా ఫిర్యాదు నమోదు చేయించుకోండి. ఒక స్టేషన్‌లో మమ్మల్ని పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు, బాధితురాలికి ఒంట్లో బాగాలేదన్నా పంపలా. మర్నాడు పోస్టాఫీసుకి పోయి ముప్పై నిమిషాల్లో పని ముగించుకుని వచ్చాం, వారంలో ఫోన్ వచ్చింది. పోస్టాఫీసుని తక్కువ అంచనా వెయ్యొద్దు.

ఇది మా పరిధి కాదు, పక్క స్టేషన్‌కి పొమ్మన్నారు.

పోనక్కర్లా. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లో అయినా తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ కట్టి వాళ్ళే పక్క స్టేషన్‌కి పంపుకుంటారు.

పెద్దమనుషులు రాజీ చేస్తామంటన్నారు. ఊళ్ళో బతకాలి గదా అన్నా, ఏం చెయ్యమంటావ్?

ఈ ప్రశ్నకి నేను "చెయ్యొద్దు" అని తేలిగ్గా చెప్పలేను. రేపు ఆ ఊళ్ళో తెల్లారి లేచేది మీరు, నేను కాదు. తెలుసుకోవాల్సింది మాత్రం చెప్తా. అట్రాసిటీ నేరం రచ్చబండ దగ్గర మాట్లాడుకుని మాఫీ చేసుకునేది కాదు, ఎఫ్ఐఆర్ అయ్యాక మీరు వద్దన్నా కేసు దానంతటది పోదు. హైకోర్టుకి మాత్రం, గొడవ నిజంగా వ్యక్తిగతమైంది, బలవంతం లేదు అనిపిస్తే కొట్టేసే అధికారం ఉందని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు, డబ్బు తీసుకోవద్దు. రాజీకి రమ్మని బెదిరిస్తే అది వేరే నేరం, ఎవరు ఏ రోజు ఇంటికొచ్చి ఏమన్నారో రాసి డీఎస్పీ గారికి ఇవ్వండి.

మేం ఫిర్యాదు ఇచ్చిన గంటకే వాళ్ళు మా మీద దొంగతనం కేసు పెట్టారు.

ఇది పాత అలవాటు. భయపడి మీ కేసు వెనక్కి తీసుకోవద్దు. ఎస్సీ ఎస్టీల మీద తప్పుడు, వేధింపు కేసు పెట్టడమే అట్రాసిటీ చట్టం 3(1)(పి) కింద నేరం. మీ ఫిర్యాదు ముందు ఇచ్చినట్టు రుజువు కావాలి, అందుకని ఇచ్చిన టైము వేయించుకున్న రసీదు ముఖ్యం. గాయాలుంటే అదే రోజు ప్రభుత్వాసుపత్రికి పోయి చూపించుకోండి.

## కేసు కట్టాక

విచారణ ఎవరు చెయ్యాలి? కానిస్టేబుల్ వచ్చి అడిగిపోయాడు.

డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చెయ్యాలి, అరవై రోజుల్లో ఛార్జిషీటు వెయ్యాలి. డీఎస్పీ గారు నిజంగా మీ పల్లెకి వచ్చారా, మీ స్టేట్‌మెంట్ ఎవరు రాసుకున్నారు, తేదీతో గుర్తుంచుకోండి. ఆయన రాకుండానే వచ్చినట్టు రాసుంటే విచారణలో అది పెద్ద బొక్క అవుద్ది, లాభం ముద్దాయికి పోద్ది. కులం సర్టిఫికెట్ వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు, మీరే అప్లై చేసి తెచ్చి ఇవ్వండి.

ప్రభుత్వం డబ్బులిస్తదంట గదా, ఎంత, ఎప్పుడు?

2016 నిబంధనల ప్రకారం నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా. కులం పేరుతో దూషణకి లక్ష, అందులో పాతిక శాతం ఎఫ్ఐఆర్ అప్పుడు, యాభై శాతం ఛార్జిషీటు అప్పుడు, మిగతా పాతిక శిక్ష పడ్డాక. హత్య అయితే సగం పోస్టుమార్టం తర్వాత, సగం ఛార్జిషీటు తర్వాత. తక్షణ సాయం ఏడు రోజుల్లో రావాలి. రాకపోతే సాంఘిక సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసుకి ఎఫ్ఐఆర్ కాపీ, కుల సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం జిరాక్సులతో అర్జీ ఇవ్వండి. కలెక్టర్ అధ్యక్షతన డీవీఎంసీ (జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ) అని ఒకటి ఉంటది, మూడు నెలలకి ఒకసారైనా కూర్చోవాలి, మీ కేసు నంబరు అక్కడ చదివించండి. డబ్బు కోసం కేసు పెట్టారని అనేవాళ్ళు ఉంటారు, పట్టించుకోవద్దు. కూలి మానుకుని స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగేవాడి ఇంట్లో పొయ్యి వెలగాలనే ఆ నిబంధన పెట్టారు.

ముద్దాయికి బెయిల్ వచ్చిందంట, మాకు తెలియను కూడా తెలియదు.

తెలియజెయ్యకుండా ఇవ్వడం తప్పు. 2016 సవరణతో వచ్చిన 15ఏ సెక్షన్ ప్రకారం బెయిల్‌తో సహా ప్రతి దశలో బాధితులకి నోటీసు ఇవ్వాలి, వాళ్ళ మాట వినాలి, ఇది తప్పనిసరి అని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. మీకు నోటీసు రాకపోతే ఆ కారణం మీదే బెయిల్ రద్దు కోసం లాయరు ద్వారా వెయ్యొచ్చు. ముందస్తు బెయిల్ ఈ చట్టం కింద ఉండదు, అయితే ఫిర్యాదు చదివితేనే నేరం కనపడకపోతే కోర్టు ఇవ్వొచ్చు. ఫిర్యాదు వివరంగా రాయమని నేను ప్రాణం తీసేది ఇందుకే.

లాయరుకి ఇచ్చుకోలేం.

ఇవ్వక్కర్లా. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ ఎస్టీలకి, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటది, ఫోన్ అయితే 15100.

## కోర్టులో, ఆ తర్వాత

ఎన్నేళ్ళు పడద్ది?

ఛార్జిషీటు వేసిన రెండు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో రాశారు. నేను చూసిన వాటిల్లో ఒక్కటీ అంత త్వరగా అవలా. కారంచేడు చూడండి. 1985 జూలై 17న, అప్పటికి అది ప్రకాశం జిల్లా, మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర మురికి చెయ్యొద్దని అడిగినందుకు మొదలైన గొడవలో ఆరుగురిని చంపారు. జనం చీరాలకి పోయి శిబిరంలో తలదాచుకున్నారు, కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ళు దళిత మహాసభ కట్టి పోరాడారు. సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది, ఇరవైమూడేళ్ళు. ఆ పోరాటాల వేడిలోనే 1989 చట్టం వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమలైంది. అంటే ఈరోజు మీరు స్టేషన్‌లో చెప్పే సెక్షన్ వెనక మన పక్క ఊరివాళ్ళ రక్తం ఉంది. అందుకే వాయిదాలకి విసుగొచ్చి మానుకుందామని ఎవరన్నా అంటే నాకు చెప్పలేనంత బాధ అనిపిస్తది, మానుకోవద్దు, నేను తోడొస్తా అని చెప్తా.

కేసు కొట్టేశారు. అంటే మాది తప్పుడు కేసు అన్నట్టేనా? ఊళ్ళో అట్టానే అంటన్నారు.

కాదు. రుజువు సరిపోలేదు అనడం వేరు, అబద్ధం అనడం వేరు. సాక్షులు ఎదురు తిరగడం, విచారణ అధికారి స్థాయి తప్పవడం, సర్టిఫికెట్ ఫైల్లో లేకపోవడం, ఇట్టాంటి వాటికే చానా కేసులు పోతాయి. తీర్పు కాపీ తీసుకుని ఎందుకు కొట్టేశారో చదివించుకోండి, హైకోర్టుకి అప్పీలుకి తొంభై రోజులే గడువు, కారణం చూపిస్తే నూటఎనభై దాకా.

తప్పుడు కేసులు అసలు లేవని నేను అనను. భూమి తగాదాలో కులం మాట లేకపోయినా చేర్చమని నా దగ్గరికి వచ్చినోళ్ళు ఉన్నారు, నేను రాయలా. అట్టాంటి ఒక్కటి నిజంగా దెబ్బతిన్న పదిమంది దారి మూసేస్తది.

చట్టంతో మనసులు మారతాయా?

మా నెల్లూరు యానాదుల సంగతి తీసుకోండి. ఒకప్పుడు చట్టమే వాళ్ళలో కొందరిని పుట్టుకతోనే దొంగలన్నది, 1871 నాటి నేరస్థ తెగల చట్టం, మద్రాసు రాజ్యంలో 1911 నుంచి. వెన్నెలకంటి రాఘవయ్య గారు లాంటివాళ్ళు ఊరూరా తిరిగి పోరాడితే మద్రాసులో 1947లో, దేశమంతా 1952లో రద్దయింది. చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటినా ఎక్కడన్నా మోటారు పోతే ఇంకా ముందు యానాది కాలనీకే జీపు వస్తది. అంటే చట్టం మనిషి మీద వేసిన ముద్ర చట్టం తీసేసినా పోదు, మంచి చట్టం వచ్చిన మర్నాడు మనసూ మారదు. కానీ టీ కొట్లో చూరు గ్లాసు ఎందుకు పోయింది? ఓనర్ మనసు మారి కాదు, కేసు భయంతో. ఆ భయంతోనే పోయిన గ్లాసుని ఆయన మనవడు అసలు చూడనే లేదు, పల్లె పిల్లోడితో పక్కనే కూర్చుని తాగుతన్నాడు. నేను నా కళ్ళతో చూశా.

నేను ఎస్సీ కాదు. నా ఎదురుగా జరిగింది. సాక్ష్యం చెప్తే మా వాళ్ళతో ఇబ్బంది, చెప్పొచ్చా?

చెప్పండి అన్నా. మీ సాక్ష్యానికి కోర్టులో చానా విలువ ఉంటది, ఎందుకంటే బాధితుల చుట్టాలే సాక్షులని అవతలివాళ్ళు కొట్టిపారేసేది మీ దగ్గర కుదరదు. సాక్షులకి రక్షణ ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని 15ఏ సెక్షన్‌లో ఉంది, బెదిరింపు వస్తే అదే ప్రత్యేక కోర్టులో పిటిషన్ వెయ్యొచ్చు. కోర్టుకి వచ్చినరోజు బస్సు ఛార్జీలు, కనీసవేతనానికి తగ్గకుండా ఆ రోజు కూలి కూడా సాక్షులకి ఇవ్వాలి, అదీ మూడు రోజుల్లో. ఆడవాళ్ళు, అరవై దాటినవాళ్ళు తోడు మనిషిని తెచ్చుకుంటే వాళ్ళ ఖర్చు కూడా ఇస్తారు. బస్సు టికెట్టు పారెయ్యకుండా జేబులో పెట్టుకుని రండి.